గోనెసంచెడు మట్టలు, గుప్పెడు విభూది

2022 మార్చి 2, బుధవారం. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కేసరికి ఏడున్నరయింది. అంతకు గంట ముందే మా ఊరి గుడిలో ఫాదర్ గారు బొటనవేలు విభూదిలో అద్ది నా నుదుట సిలువ గుర్తు వేశారు. గౌతమి దాటి కోటిపల్లిలో దిగితే రేవంతా జనం. ముందురోజు శివరాత్రి. రాత్రి జాగారం చేసి, తెల్లారగట్ల గోదాట్లో మునిగి, తడిబట్టల సంచులతో కోనసీమ వైపు తిరిగి వెళ్ళేవాళ్ళు పంటు కోసం నిలబడున్నారు. ఎవరి నుదురు చూసినా విభూదే. నా నుదుటా విభూదే.

రామచంద్రపురం బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. నుదుట మూడు గీతలు, ఒళ్ళో స్టీలు క్యారేజీ, నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు. నా మొహంలోకి చూసి నవ్వింది.

"మీరూ స్నానానికేనా అండి?"

జవాబు వెంటనే నోటికి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మా ఇంటి పెరట్లోకి వెళ్ళాలి.

మా నాన్న ఉపదేశి. విచారణ గురువు నెలకో రెండు నెలలకో వచ్చి పూజ చేసి వెళ్ళే చిన్న ఊళ్ళలో, మిగతా రోజులన్నీ గుడిని నిలబెట్టేది ఉపదేశే. సాయంత్రం జపమాల చెప్పించాలి, పిల్లలకి సత్యోపదేశం నేర్పాలి, చావు కబురొస్తే అందరికన్నా ముందు వెళ్ళాలి. జీతం పేరుకే. ఆయన చేసే పనులన్నిట్లోకీ నాకిష్టమైనది విభూది చెయ్యడం.

పాస్కా పండుగకి, అంటే ఈస్టరుకి, ముందు వచ్చేది మ్రానికొమ్మల ఆదివారం. పుస్తకంలో ఆ పేరే ఉన్నా ఊళ్ళో అందరూ మట్టలాదివారం అనేవాళ్ళు. యెరూషలేములో ఖర్జూరపు మట్టలు పట్టుకున్నారట. కోనసీమలో ఖర్జూరానికి ఎక్కడికి పోతాం? లేత కొబ్బరాకు చీల్చి పట్టుకునేవాళ్ళం. దీవించిన ఆ ఆకుని ఎవరింట్లో వాళ్ళు యేసు తిరుహృదయం పటం వెనక దోపుకునేవారు. ఏడాదంతా అది అక్కడే ఎండి, ముడుచుకుని, బల్లులకి చాటయ్యేది. మళ్ళీ పాస్కాకి ముందు నలభై రోజుల తపస్సుకాలం దగ్గర పడగానే నాన్న గోనెసంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి వాటిని పోగుచేసేవారు.

ఆ కాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందురోజు, మంగళవారం సాయంత్రం, పెరట్లో పెద్ద మూకుడు పెట్టి కాల్చేవారు. కొబ్బరాకు భగ్గున అంటుకుని చప్పున ఆరుతుంది, నల్లటి మసి మిగులుతుంది. దాన్ని మళ్ళీ కాల్చి, చేత్తో నలిపి, పాత పంచె గుడ్డలో జల్లెడ పట్టేవారు. గోనెసంచెడు మట్టలకి గుప్పెడు విభూది. హార్లిక్స్ సీసా అడుగు కూడా నిండేది కాదు. అమ్మ ఏటా ఒకటే గొణిగేది: ఈనెలు తీసి ఇస్తే ఓ చీపురన్నా వచ్చేది కదా అని. "దీవించిన ఈనెలతో చీపురా!" అని నాన్న ఏటా ఒకే కోపం నటించేవారు.

అమ్మకి అక్షరం ముక్క రాదు. గోడకి గుడి క్యాలెండర్ వేలాడుతున్నా ఆవిడ చూసేది రేవు వైపే. కోటిపల్లి తీర్థానికి జనం పంటు ఎక్కడం మొదలెట్టగానే, "విభూది వచ్చేసిందర్రా, ఇక నలభై రోజులు కోడి ఊసెత్తకండి" అనేది. చాలా ఏళ్ళు ఆ లెక్క సరిపోయేది. కొన్నేళ్ళు మాత్రం శివరాత్రికి ఇంకా మూడు వారాలు ఉండగానే విభూది వచ్చిపడేది. అప్పుడు కూడా తన లెక్క తప్పిందని ఒప్పుకునేది కాదు. "చంద్రుడే ఎక్కడో దారి తప్పాడు" అనేది.

తెలుగు టీచరుగా ఉద్యోగంలో చేరి, పంచాంగం చూడటం వచ్చాక అమ్మ లెక్కని పరీక్షకి పెట్టాను. ఆవిడ అక్షరాలా నిజమే చెప్పింది.

మా పండుగల్లో క్రిస్మస్ కదలదు, డిసెంబరు 25నే. పాస్కా కదులుతుంది, దాన్ని పట్టుకుని విభూది బుధవారం, మట్టలాదివారం, పవిత్ర శుక్రవారం, పెంతెకోస్తు అన్నీ కదులుతాయి. క్రైస్తవులంతా పాస్కాని ఒకే ఆదివారం చేసుకోవాలని 325లో నైసియా మహాసభ తీర్మానించింది. తర్వాత స్థిరపడిన సూత్రం ఇది: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం పాస్కా. అక్కణ్ణుంచి నలభై ఆరు రోజులు వెనక్కి లెక్కపెడితే విభూది బుధవారం. మధ్యలో ఆరు ఆదివారాలు ఉపవాస దినాలు కావు, అవి తీసేస్తే నలభై. యేసు ఎడారిలో పస్తున్న రోజులన్నమాట. అందుకే ఈ బుధవారం ఫిబ్రవరి 4 మొదలు మార్చి 10 దాకా ఎప్పుడైనా రావచ్చు.

పున్నమి నుంచి నెలన్నర వెనక్కి నడిస్తే అమావాస్య తగులుతుంది. కాబట్టి విభూది బుధవారం ఎప్పుడూ అమావాస్య అంచునో, అది దాటిన వారం లోపో పడుతుంది. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి, అంటే అమావాస్యకి ముందురాత్రి. 2015లో ఫిబ్రవరి 17 శివరాత్రి, 18 విభూది బుధవారం. 2018లో ఫిబ్రవరి 13, 14. 2022లో మార్చి 1, 2. 2026లో ఫిబ్రవరి 15, 18. 2015 నుంచి 2026 దాకా పన్నెండేళ్ళు తీసుకుంటే తొమ్మిదేళ్ళలో శివరాత్రి వెళ్ళిన వారంలోపే మా విభూది వచ్చింది. తప్పినవి మూడు: 2016, 2021, 2024. ఆ మూడూ మన పంచాంగంలో అధికమాసం పడ్డ మరుసటి ఏడాదులే. చంద్రుడి ఏడాది సూర్యుడి ఏడాది కన్నా పదకొండు రోజులు చిన్నది. ఆ అప్పు రోము లెక్కా తీర్చాలి, మన లెక్కా తీర్చాలి. ఒక్కోసారి ఒకరు తీర్చిన ఏడు రెండోవాళ్ళు తీర్చరు, అంతే. అమ్మ చంద్రుడు దారి తప్పలేదు, అప్పు తీర్చడానికి వెళ్ళాడు.

ఇక బూడిద సంగతి. నినెవె రాజు యోనా మాట విని సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు. యోబు తన గోడంతా వెళ్ళబోసుకున్నాక చివరికి ధూళిలో, బూడిదలో పశ్చాత్తాపపడ్డాడు. తొలినాళ్ళ సంఘంలో ఈ బూడిద అందరికీ కాదు. పెద్ద పాపాలు చేసి అందరి ఎదుటా ప్రాయశ్చిత్తం చేసుకునేవాళ్ళకే గోనెపట్టా, బూడిదా. వాళ్ళు పాస్కా దగ్గరపడేదాకా గుడి బయట నిలబడాలి. శతాబ్దాలు గడిచేకొద్దీ ఆ పద్ధతి పోయింది, బూడిద మాత్రం లోపలికొచ్చింది. 1091లో రెండవ ఉర్బన్ పోపు కాలంలో బెనెవెంతోలో జరిగిన సభ విభూదిని అందరూ తీసుకోవాలంది. గురువులూ, గృహస్థులూ, ఆడా, మగా. నాకు ఈ చరిత్రలో నచ్చేది ఆ మలుపే. బయట నిలబడ్డ నలుగురు పాపుల్ని వేలెత్తి చూపించడానికి పుట్టిన గుర్తు, లోపలున్న పుణ్యాత్ములందరి నెత్తికీ ఎక్కింది.

నెత్తి అని ఊరికే అనలేదు. ఇటలీలో ఇప్పటికీ బూడిద నడినెత్తిన చల్లుతారు. నుదుట సిలువ వెయ్యడం మనకి అలవాటైన పద్ధతి. 2021లో కరోనా భయానికి, ఒక్కొక్కరినీ తాకి మాట చెప్పొద్దు, అందరికీ ఒక్కసారే చెప్పి నెత్తిన చల్లండి అని వాటికన్ నుంచి గురువులకి సూచన వెళ్ళింది. ఆ ఏడు పాత రోము పద్ధతి మా ఊరికొచ్చింది. నుదుట ఏమీ లేకుండా ఇంటికొస్తే ఆడవాళ్ళందరికీ వెలితిగా అనిపించింది. బొట్టు లేని మొహంలా ఉందని ఒక పిన్ని అంది.

ఆ వెలితిలో తమాషా ఉంది. 17వ శతాబ్దంలో మదురైలో సన్యాసి వేషం వేసుకుని, తమిళం, తెలుగు, సంస్కృతం నేర్చిన రోబెర్తో ది నోబిలి అనే యేసుసభ (జెస్యూట్) గురువు, తన దగ్గర జ్ఞానస్నానం తీసుకున్నవాళ్ళు జంధ్యం, గంధం మానక్కరలేదన్నాడు. పెద్ద తగాదా అయింది. 1623లో పదిహేనవ గ్రెగరీ పోపు కొన్ని షరతులతో ఒప్పుకున్నాడు. ఎనభై ఏళ్ళకి కథ తిరగబడింది. పోపు ప్రతినిధిగా పుదుచ్చేరి వచ్చిన తూర్నోన్ 1704లో ఒక ఆజ్ఞ జారీ చేశాడు. అందులో నిషేధించిన వాటిల్లో హిందువుల తీరున బూడిద, బొట్లు పెట్టుకోవడం ఒకటి. 1744లో పద్నాలుగవ బెనెడిక్ట్ పోపు ఆ తగాదాకి ముగింపు పలుకుతూ నిషేధాలనే ఖాయం చేశాడు. అంటే ఏడాది పొడుగునా బూడిద పెట్టుకోవద్దని వారించిన చెయ్యే, ఏడాదికోసారి పిలిచి బూడిద పెట్టింది. దానికి తెలుగు కతోలికులు వాడుకున్న మాట మరేదో కాదు, విభూది. ఆ మాటకి బూడిద అనే అర్థమే కాదు, వైభవం, ఐశ్వర్యం అన్న అర్థమూ ఉంది. భగవద్గీత పదో అధ్యాయం పేరు విభూతి యోగమే. మట్టివి, మట్టిలో కలుస్తావు అని గుర్తుచేసే గుర్తుకి మహిమ అనే పేరు! తెలుగు పాఠం చెప్పుకుని బతికినదాన్ని, ఇలాంటి మాట దొరికితే వదలలేను.

మా ఊళ్ళోనే బూడిద ముట్టని క్రైస్తవులూ ఉన్నారు. 1830ల్లో నర్సాపురం ప్రాంతంలో బౌడెన్, బీర్ దొరలు మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ దారిలో నడిచిన మందిరాల వాళ్ళకి తపస్సుకాలమూ లేదు, విభూదీ లేదు. "బైబిల్లో ఎక్కడుందండి ఈ బుధవారం?" అని నాన్నని అడిగేవాళ్ళు. నాన్న వాదనకి దిగేవారు కాదు. కానీ వాళ్ళు అడిగిన దానికన్నా గట్టి ప్రశ్న ఆ రోజు పూజలోనే ఉంది. అది నాన్నకీ తెలుసు.

విభూది బుధవారం చదివే సువిశేషం మత్తయి ఆరో అధ్యాయం. ఉపవాసం ఉన్నప్పుడు ఏడుపు మొహం పెట్టుకుని నలుగురికీ కనపడొద్దని, తలకి నూనె రాసుకుని మొహం కడుక్కోమని, రహస్యంలో ఉన్న తండ్రి చూస్తే చాలని యేసు చెబుతాడు. అది చదివి, ప్రసంగం ముగించి, వెంటనే ఫాదర్ గారు గిన్నె తీసుకుని మా మొహాల మీద బూడిద పూస్తారు. కడుక్కోమని చదివి, పూసి పంపడం. చిన్నప్పుడు సత్యోపదేశం క్లాసులో నేనిది అడిగాను. నాన్న కాసేపు ఆలోచించి, "పెట్టించుకోవడం నీ పని. ఎంతసేపు ఉంచుకోవాలో నీకూ దేవుడికీ మధ్య సంగతి" అన్నారు. జవాబు దాటేశారనుకున్నాను.

టీచరు ఉద్యోగం చేసిన ఇన్నేళ్ళూ నేను విభూది బుధవారం తెల్లవారుజామున గుడికి వెళ్ళేదాన్ని. పూజ అయ్యాక గుడి వెనక బోరింగు దగ్గర మొహం కడుక్కుని బడికి వెళ్ళేదాన్ని. యేసు చెప్పాడని కాదు, భయంతో.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతం దాటినవాళ్ళు షెడ్యూల్డు కులం కిందికి రారు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ మినహాయింపు వచ్చింది, క్రైస్తవులకి రాలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలకి పదిహేను శాతం ఉంటే, వాళ్ళలోంచి క్రైస్తవులైనవాళ్ళని బీసీ-సీలో చేర్చి ఒక్క శాతం ఇచ్చారు. పేట మారదు, బావి మారదు, పిలిచే పిలుపు మారదు, కాగితం మీద మాత్రం మనిషి మారిపోతాడు. నా సర్టిఫికెట్లో ఏముందో ఇక్కడ రాయను. మావాళ్ళకి రాయక్కరలేదు, మిగతావాళ్ళకి రాసినా అందులో బరువు తెలియదు. ఒక్కటి చెప్పగలను. పని చేసిన బళ్ళలో ఒకచోట, చెవి దగ్గర కాస్త బూడిద మిగిలిపోతే తోటి ఉద్యోగి ఒకరు, "ఏంటి మేడం, పొద్దున్నే పొయ్యి ఊదారా?" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది, ఆయనది కాదు, నాది.

నుదుటి మీద బూడిద ఏం చెప్పాలో నాకప్పుడు తెలుసు: ఎవరి ముందూ గొప్పలు పోవద్దు, ఎవరికీ భయపడొద్దు, అందరం మట్టే. అది భయపడుతూ తుడిచేదాన్ని. నాన్న చేసిన విభూదిని మరీను.

ఆ మట్టలు కాల్చడంలోని అసలు సంగతి అప్పుడే తెలిసొచ్చింది. బూడిద దేన్నైనా కాల్చి చెయ్యొచ్చు. పోయినేడు దీవించిన మట్టలే ఎందుకు? యేసు గాడిద మీద వస్తుంటే జేజేలు కొట్టిన మట్టలవి. ఆదివారం జేజేలు, శుక్రవారం సిలువ. అదే ఊరు, ఐదంటే ఐదు రోజులు. మన భక్తి ఎంతసేపు పచ్చగా ఉంటుందో ఆ బూడిద చూపిస్తుంది. నేను ఆదివారం పాటలు పాడి, బుధవారం బోరింగు కొట్టాను. నా జేజే ఐదు రోజులైనా నిలవలేదు.

బస్సు కదిలింది. ఆవిడ ఇంకా నా జవాబు కోసం చూస్తోంది. నేను రిటైరై అప్పటికి చాలా కాలమైంది. ఆ పొద్దున బోరింగు వైపు చూడకుండా వచ్చేశాను. ఇన్నేళ్ళకి మొదటిసారి ధైర్యం చేసి బూడిదతో లోకంలోకొస్తే, లోకమంతా బూడిద పెట్టుకునే ఉంది. "అవునండి" అంటే చాలు. ఇంతకన్నా మంచి చాటు జీవితంలో దొరకలేదు. అందుకే నోరు పెగలలేదు.

"కాదండి," అన్నాను. "మేం క్రైస్తవులం. ఇవాళ మాకు విభూది బుధవారం."

ఆవిడ మొహంలో ఏమీ మారలేదు. నా నుదుటి వైపు కాస్త వంగి చూసింది. చెమటకి సిలువ చెదిరిపోయినట్టుంది. "మీకూ విభూదేనా అండి? దేంతో చేస్తారు?"

"కొబ్బరి మట్టలతోనండి. పండక్కి దీవించినవి దాచి కాలుస్తాం. మీది?"

"ఆవు పేడండి. పిడకలు చేసి కాలుస్తారు." కాసేపాగి, "ఏదైనా కాలాక అంతే కదండి" అంది.

నేను తల ఊపాను కానీ, దారంతా ఆ మాట నన్ను వదల్లేదు. ద్రాక్షారామం గుడి గోపురం కిటికీలోంచి వెళ్ళిపోయింది. పంచారామాల్లో నాలుగు మా గోదావరి జిల్లాల్లోనే ఉన్నాయి, ఈ నేలకి భస్మం కొత్త కాదు. అయినా రెండూ ఒకటేనని తేల్చేస్తే ఆవిడకీ నాన్నకీ ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. ఆవిడ దేవుడు శ్మశానంలో బూడిద పూసుకుని ఉంటాడు. కాలాల్సిందంతా కాలిపోయాక, ఇక కాలడానికేమీ లేనిది అక్కడ మిగులుతుంది. అది చేరిన చోటు. మాకు బూడిద బయల్దేరిన చోటు. నలభై రోజుల అవతల ఖాళీ సమాధి ఉందన్న నమ్మకంతో పూసుకునే బూడిద. ఆ నమ్మకం తీసేస్తే మాది ఉత్త మసి. తేడా అంత పెద్దదే. కానీ ఇద్దరం కాల్చింది దాచుకోదగ్గదాన్నే, పెట్టుకున్నది మొహం మీదే.

ఆవిడకి నిద్ర ముంచుకొచ్చింది. జాగారం చేసిన తల నా భుజం మీద వాలింది. రామచంద్రపురం వచ్చేదాకా కదల్లేదు. దిగేటప్పుడు సిగ్గుపడి, "అయ్యో, మీ చీరకి అంటిందండి" అని కొంగుతో తుడవబోయింది. ఫరవాలేదన్నాను.

రాజమండ్రిలో ఇంటికొచ్చి అన్నం వండుకున్నాను. పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ళ దాకానే ఒంటిపూట నియమం, నా వయసు దాటింది. అయినా సాయంత్రం దాకా ఏమీ తినబుద్ధి కాలేదు. దీపాలు పెట్టే వేళ కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాను. నీళ్ళలో కాస్త నలుపు దిగింది. ఎంతసేపు ఉంచుకోవాలో నీకూ దేవుడికీ మధ్య సంగతి అన్న నాన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఆయన జవాబు దాటెయ్యలేదు.

ఏప్రిల్ 10న మట్టలాదివారం. మళ్ళీ ఊరెళ్ళి, గుడి ముందు కోసిపెట్టిన లేత కొబ్బరాకుల్లోంచి ఒకటి తెచ్చుకున్నాను. తిరుహృదయం పటం వెనక దోపుతుంటే ఆకు కొస నుంచి ఒక నీటిచుక్క నా మణికట్టు మీద పడింది. వచ్చే ఏటి విభూది. ఇంకా పచ్చగా ఉంది.